మూడు వేళ్ళు పడితేనే వేట

డాక్టర్ సీతారామాంజనేయులు గారికి ఎదురుపడిన మనిషిని బాగున్నారా అని అడగడం చేతకాదు. ఆయన అడిగేది ఒక్కటే: "మూడు వేళ్ళు పడతాయా?" పడతాయా అంటే నోట్లో. ఎవరి వేళ్ళు వాళ్ళే, మూడూ నిలువుగా ఒకదాని మీద ఒకటి పేర్చి, పై పళ్ళకీ కింది పళ్ళకీ మధ్య పెట్టుకుని చూపించాలి. పట్టాయా, మీ దారిన మీరు పోవచ్చు. పట్టకపోతే ఏమవుతుందో రేపల్లెలో చాలామందికి తెలియదు. ఎందుకంటే దాదాపు అందరికీ పడతాయి.

రేపల్లె బస్టాండు వెనక ఆయన పళ్ళ ఆసుపత్రి. యాభై ఎనిమిదేళ్ళ పొట్టి మనిషి. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట టార్చిలైటు ఉంటుంది. ఆయన తెనాలి పాసింజరు ఎక్కితే, బండి భట్టిప్రోలు చేరేలోపు పెట్టెలో సగంమంది నోట్లో వేళ్ళతో కూర్చుని ఉంటారు. ఒకసారి టీసీ వచ్చి టికెట్లు అడిగితే జనమంతా ముక్కుతో ఊ ఊ అన్నారనీ, టీసీ కూడా వేళ్ళు పెట్టి చూపించాకే ఆయనకి టికెట్లు చూపించారనీ చెప్పుకుంటారు.

బాపట్లలో మేనకోడలి పెళ్ళికైతే మరీను. తలంబ్రాలు కాగానే పీటల మీదున్న పెళ్ళికొడుకు దగ్గరకి వెళ్ళి అడిగేశారు. ఆ కుర్రాడు కొత్త, పైగా పెద్దల మాట కాదనని రకం, వేళ్ళు పెట్టేశాడు. ఫోటోగ్రాఫరు క్లిక్కుమనిపించాడు. మగపెళ్ళివారు అది ఆడపెళ్ళివారి ఆచారమేమో అనుకున్నారు. మర్యాద తప్పకూడదని వియ్యంకుడు పెట్టాడు, వియ్యపురాలు పెట్టింది, ముందు వరసలో కూర్చున్న తొంభై ఏళ్ళ ముసలమ్మ కట్టుడు పళ్ళు తీసి ఒళ్ళో పెట్టుకుని మరీ పెట్టింది. మేనకోడలు ఆయనతో ఏడాదిపాటు మాట్లాడలేదు. ఆయన మాత్రం ఆ పెళ్ళి నుంచి ఏదో పెద్ద సంగతి కనిపెట్టినవాడిలా ఇంటికొచ్చారు.

ఈ పిచ్చి చూసి అందరూ నవ్వుతుంటే, నిజాంపట్నం హార్బరులో నాగశివ ఒక్కడే పళ్ళు కొరికేవాడు.

నాగశివకి ఇరవై ఆరేళ్ళు. ఐసు ఫ్యాక్టరీలో దిమ్మెలు పగలగొట్టే పని. ఇంటర్ మధ్యలో చదువు ఆగిపోయింది గానీ చదవడం ఆగలేదు. లైబ్రరీ పుస్తకాలు అయిపోయి, పాత పేపర్లు అయిపోయి, మందు సీసాల మీద చీటీలు కూడా వదిలేవాడు కాదు. ఇంత చదివినవాడు ఐసు కొట్టుకుంటున్నాడంటే తప్పు లోకానిదేనని అతని నిశ్చితాభిప్రాయం. లోకం దగ్గరలో దొరకదు కాబట్టి దొరికినవాళ్ళ మీద కోప్పడేవాడు. మూడువేళ్ళ డాక్టరు ప్రతి మంగళవారం రేపల్లె నుంచి జెట్టీ మీదికి దొరకడానికే వచ్చేవారు.

వచ్చి ఏం చేస్తారంటే, వేటకి బయలుదేరే బోట్ల కలాసీల్ని వరసగా నిలబెట్టి నోళ్ళు తెరిపిస్తారు. అది ఎంత ముదిరిందంటే, బోటు ముందు కొబ్బరికాయ కొట్టి, కర్పూరం వెలిగించి, హారతి కళ్ళకద్దుకుని, ఆ తర్వాత అందరూ మూడు వేళ్ళు నోట్లో పెట్టుకునేదాకా సరంగు ఇంజను స్టార్ట్ చెయ్యడు. వేళ్ళు పడితే వల బరువెక్కుద్దని, పడనివాడు బోటులో ఉంటే రొయ్య కాదు కదా నాచు కూడా రాదని నమ్మకం. నాగశివ మేనమామ సుబ్బరామయ్య ముప్పై ఏళ్ళుగా బోటు నడుపుతున్న సరంగు, సముద్రాన్ని వాసన చూసి లోతు చెప్పేవాడు. ఆయన కూడా కళ్ళు మూసుకుని భక్తిగా వేళ్ళు పెట్టుకోవడం చూసి నాగశివకి నోట మాట రాలేదు.

వచ్చాక డాక్టరు దగ్గరికే వెళ్ళాడు. చదువుకున్నవారు, వైద్యం తెలిసినవారు, మీ కళ్ళముందే ఇంత మూఢనమ్మకం నడుస్తుంటే ఖండించరేంటండి అని నిలదీశాడు.

"ఖండించాలి. నమ్మకం తప్పే," అన్నారాయన. "నోరు మాత్రం తెరుస్తున్నారు కదా. ఇంతకీ నీకు పడతాయా?"

గిరాకీ కోసం వేసే వేషాలు తన దగ్గర సాగవని, తన నోరు తన ఇష్టమని చెప్పి నాగశివ వచ్చేశాడు. ఆయన వెనకనుంచి, ఈ కుర్రాడికి మాట బాగుంది, ఊపిరి కూడా బాగుంది అని సుగుణమ్మతో అన్నారట. సుగుణమ్మ జెట్టీ మీద చేపలు కొని రేపల్లె బజారులో అమ్మే మనిషి. ఆమె ఆ మాట పొగడ్త అనుకుని నాగశివకి చేరేసింది. అతనికి ఇంకా మండింది.

శ్రావణం వెళ్ళాక నాగశివకి కింది దవడ చివర జ్ఞానదంతం మొదలైంది. మొదట సలుపు, తర్వాత పోటు, ఆ తర్వాత చెవిలోకి మేకు దిగ్గొట్టినట్టు. తల్లి సీతారావమ్మ పంటి మీద నాటుపొగాకు పెట్టింది, ఉప్పు మూట వేడిచేసి దవడకి కాపడం పెట్టింది, వాపుండగా పన్ను పీకించుకుంటే ప్రాణానికి ముప్పని భయపెట్టింది. అతను ఇవన్నీ అజ్ఞానమని తీసిపారేసి, మందుల షాపులో తనకి తెలిసిన బిళ్ళల పేర్లు తనే చెప్పి కొనుక్కున్నాడు. చీటీ మీద ఐదు రోజులని ఉంది. మూడో రోజు తెల్లారేసరికి నొప్పి మాయమైంది. చేత్తో తీసేసినట్టు పోయింది. మిగతా బిళ్ళలు దాచిపెట్టి, వైద్యం అంటే ఇంతేనని తల్లికి చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాడు. గవద కింద కొంచెం ఉబ్బు మిగిలింది. అన్నం ముద్ద చిన్నది చేసుకుంటే నోట్లోకి పోతోంది. అంతకంటే ఏం కావాలి.

ఐసు ఫ్యాక్టరీ యజమానితో ఆ వారమే మాటా మాటా వచ్చి పని మానేశాడు. మేనమామ బోటులో ఒక కలాసీ తక్కువైతే, వేటకి నేనొస్తానన్నాడు. పది రోజుల వేట. సంచిలో రెండు లుంగీలు, మూడు పుస్తకాలు పెట్టుకుని, మెడ చుట్టూ తువ్వాలు చుట్టుకుని మంగళవారం పొద్దున జెట్టీకి వచ్చాడు.

కొబ్బరికాయ కొట్టారు. హారతి అయింది. కలాసీలు వరసగా వేళ్ళు పెట్టుకున్నారు. నాగశివ వంతు వచ్చింది. అతను చేతులు కట్టుకుని నిలబడి, ఈ మతిలేని పని తాను చెయ్యనన్నాడు.

"పెట్టనివాడు బోటు ఎక్కడు," అన్నాడు సుబ్బరామయ్య.

"మావయ్యా, నువ్వు కూడానా."

"నేనేంటి, మీ తాత లేచొచ్చినా అంతే. పది కుటుంబాలు ఈ వల మీద బతుకుతున్నాయి. నీ చదువుకి నీ నోరు సరిపోతే, మా వలకి నీ మూడు వేళ్ళు కావాలి."

కలాసీలు నవ్వారు. నాగశివ విసురుగా చెయ్యెత్తి వేళ్ళు పెట్టబోయాడు. మూడు పట్టలేదు. రెండు పట్టలేదు. ఒక వేలు పట్టి, రెండోది సగం దూరి ఆగిపోయింది. అతనే విస్తుపోయాడు. తన నోరు తనకి చెప్పకుండా ఎప్పుడు మూసుకుందో తెలియలేదు.

చలిగాలికి దవడ బిగుసుకుందని ఏదో అన్నాడు. డాక్టరు గారు నవ్వడం మానేశారు. ఆయన మొహం నవ్వు లేకుండా ఎలా ఉంటుందో జెట్టీ మీద ఎవరూ అంతవరకూ చూడలేదు. తువ్వాలు లాగేసి, గడ్డం కింద రెండు వేళ్ళతో నొక్కారు. మెత్తగా ఉండాల్సిన చోటు చెక్కలా ఉంది. నాలుక పైకెత్తమన్నారు, లేవలేదు. ఉమ్ము మింగమన్నారు, మింగబోయి నాగశివ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"నొప్పి ఉన్నట్టుండి పోయిందా?"

పోయిందన్నాడు. ఈయనకెలా తెలిసిందా అనుకున్నాడు.

"సంతోషించావు కదూ. పంట్లో ఇరుక్కున్న చీము ఎముకని తొలుచుకుని బయటపడింది. ఇరుకు పోయింది గనక నొప్పి పోయింది. ఇప్పుడు నాలుక కిందికి, గొంతు చుట్టూ పాకుతోంది." సుబ్బరామయ్య వైపు తిరిగారు. "వేట ఎన్నాళ్ళండి?"

"పది రోజులండి."

"ఈ రాత్రిలోపే వీడికి ఊపిరాడదు. అప్పటికి మీరు ఎక్కడుంటారు?"

సుబ్బరామయ్య సముద్రం వైపు చూశాడు, అంతే. పంటినొప్పికి మనుషులు పోతారా అని నాగశివ అడగబోయాడు. చదివిన అన్ని కాగితాల్లోనూ ఈ ఒక్క ముక్క ఎక్కడా తగల్లేదు. మేనమామ మొహం చూశాక అడగాల్సిన అవసరం కనపడలేదు.

అంబులెన్సుకి ఫోన్ చేస్తే అది నగరం అనే ఊరి అవతల కాన్పు కేసు మీదుంది, రావడానికి ముప్పావుగంట అన్నారు. అంతసేపు ఆగడానికి లేదని, ఐసు నింపుకుని తెనాలి బయలుదేరుతున్న డ్రైవరు బర్నబాస్ రొయ్యల వ్యానులో డాక్టరు గారు నాగశివని ఎక్కించి తాను పక్కన ఎక్కారు. నాగశివ తల వెనక్కి వాల్చబోతే ఒక్క కసురు కసిరారు. పడుకుంటే నాలుక వెనక్కి జారుతుందట. వంగి కూర్చోమన్నారు. రేపల్లెలో తన ఆసుపత్రి ముందు రెండు నిమిషాలు ఆపించి, చేతికి ఒక ఇంజెక్షన్ చేసి, బయట కూర్చున్న నలుగురు పేషంట్లని పక్క వీధి డాక్టరు దగ్గరికి పొమ్మని, మళ్ళీ తాళం వేసి ఎక్కారు. తెనాలికి ఇంకా ముప్పై అయిదు కిలోమీటర్లు.

అక్కడినుంచి ఆయన నాగశివని తిట్టడం మొదలుపెట్టారు.

ధైర్యం చెబుతారేమో అనుకున్నాడు నాగశివ. ఆయన అదేమీ చెయ్యలేదు. నువ్వు పెద్ద చదువరివటగా, ఏం చదివావు, బజ్జీలు చుట్టిన కాగితాలా అన్నారు. నూనె మరకల మధ్య మిగిలిన ముక్కలు చదివితే వచ్చే జ్ఞానం ఇలాగే గవదలు వాచి ఉంటుందన్నారు. ఐసు పగలగొట్టేవాడికి తల కూడా అలాగే ఉండాలని నియమమేమీ లేదన్నారు. ప్రాణం మీదికొచ్చినవాడిని ఇలా మాట్లాడే మనిషి భూమ్మీద ఉంటాడని నాగశివ కలలో కూడా అనుకోలేదు. నిర్ఘాంతపోయాడు. నిర్ఘాంతం అయ్యాక కోపం వచ్చింది. బిగిసిన దవడల మధ్యనుంచే, మీకు బుద్ధి లేదు, మీ డిగ్రీ కన్నా బజ్జీ కాగితం నయం అన్నాడు.

డాక్టరు గారు ఫోన్ తీశారు. "ఆ, తిడుతున్నాడు. బాగానే తిడుతున్నాడు," అని పెట్టేశారు.

ఎవరికి ఫిర్యాదు చేస్తున్నాడో ఈయన, అనుకున్నాడు నాగశివ. ఇంకా మండింది. ఆయన మళ్ళీ అందుకున్నారు. మీసం మీద పడ్డారు, సంచిలో పుస్తకాల మీద పడ్డారు, ఎన్ని పేజీలు మడిచి వదిలేశావో చెప్పమన్నారు. భట్టిప్రోలు దగ్గర నాగశివ ఆయన్ని మూఢనమ్మకాల వ్యాపారి అన్నాడు. బర్నబాస్‌కి స్టీరింగు మీద నవ్వాగలేదు. డాక్టరు గారు మళ్ళీ ఫోన్ తీసి, "భట్టిప్రోలు దాటాం. వ్యాపారి అంటున్నాడు. మొత్తం ఒకే ఊపిరిలో అన్నాడు," అని చెప్పారు. తిట్లు తిని మురిసిపోయే ఇలాంటి మనిషిని నాగశివ ఏ పుస్తకంలోనూ చూడలేదు.

వెల్లటూరు దాటాక మాట మారింది. ఉడుకు ముద్ద నోట్లో పెట్టుకుని మాట్లాడినట్టు వస్తోంది. ఉమ్ము మింగలేక పెదవి చివరనుంచి తువ్వాలులోకి కారుతోంది. వేమూరు వచ్చేసరికి, ఇంత పిరికివాడివేంటిరా అని ఆయన అన్నదానికి జవాబుగా అద్భుతమైన వాక్యం ఒకటి మనసులో తయారైంది గానీ, "మీరు" అనేసరికే ఊపిరి అయిపోయింది. ఆగి, గాలి లాక్కుని, "మీరే" అన్నాడు. మిగతాది రాలేదు.

డాక్టరు గారు ఫోన్ తీశారు. ఈసారి గొంతు చిన్నగా ఉంది.

"అమ్మాయ్, తిట్టు పడిపోయింది. రెండు మాటలకోసారి ఆగుతున్నాడు. మత్తు డాక్టరు గారు కూడా రెడీగా ఉండాలి. పదిహేను నిమిషాలు."

ఫోన్ జేబులో పెట్టి నాగశివ మణికట్టు పట్టుకున్నారు.   ఇక ఆయన ఏమీ అనలేదు. బర్నబాస్ హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు. ఇంకొక్క తిట్టు తిడితే బాగుండునని నాగశివకి జీవితంలో మొదటిసారి అనిపించింది.

తెనాలి ఆసుపత్రిలో మెలకువగా ఉండగానే ముక్కులోంచి ఊపిరి దారిలోకి గొట్టం దింపారు. తర్వాత మత్తిచ్చి, గడ్డం కింద కోసి చీముకి దారి చేశారు. ఆ మత్తులోనే పన్ను కూడా లాగేశారు. గొట్టం మూడో రోజు తీశారు. మాట ఇంకా పెగలకపోతే నాలుగో రోజు నాగశివకి కాగితం, పెన్ను ఇచ్చారు. అతను రాసిన మొదటి ప్రశ్న: వాపుండగా పన్ను పీకకూడదు కదా?

ఆపరేషన్ చేసిన డాక్టర్ బిందుమాధవి చదివి, "ముల్లు లోపల ఉంచేసి పుండుకి కట్టు కట్టించుకుంటావా?" అంది. ఒకప్పుడు సీతారామాంజనేయులు గారి దగ్గర పని నేర్చుకున్న మనిషి. మాట కూడా అక్కడే నేర్చినట్టుంది.

రెండో ప్రశ్న: ఆయన నన్ను ఎందుకు తిట్టారు?

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. "దారిలో నాకు పదకొండు సార్లు ఫోన్ చేశారు. ఏ తిట్టు తర్వాత ఎంతసేపు ఆగావో చెప్పారు. గొంతు ఎంత మూసుకుందో వ్యానులో చూడటానికి మిషన్లుండవు. మాటే చెప్పాలి. భయపడ్డవాణ్ణి మాట్లాడించలేం నాగశివా. కోపం వచ్చినవాడు ఆపమన్నా ఆపడు."

నాగశివ పెన్ను మూత పెట్టి ఆమెకి తిరిగిచ్చేశాడు. 

మర్నాడు సుగుణమ్మ స్టీలు క్యారేజీలో పల్చటి గంజి పట్టుకొచ్చింది. మేనమామ బోటు ఒకరోజు ఆలస్యంగా వెళ్ళిందనీ, తొలి వలకే వంజరాలు పడ్డాయని ఫోన్ వచ్చిందనీ, వేళ్ళు పట్టనివాణ్ణి ఒడ్డున వదిలెయ్యబట్టేనని అందరూ అనుకుంటున్నారనీ చెప్పింది. నాగశివ బొంగురు గొంతుతో, ఇంత జరిగాక కూడా ఈ మూఢనమ్మకం ఏంటత్తా, ఎవడు మొదలెట్టాడిది అన్నాడు.

"నేనేరా," అంది సుగుణమ్మ గంజి కలుపుతూ. "మొదలెట్టమంది ఆ డాక్టరుగారు."

చెంచా అందుకోబోయిన నాగశివ చెయ్యి గాల్లోనే ఆగింది.

ఆమె చెప్పుకొచ్చింది. డాక్టరు మొదట్లో రెండేళ్ళు జెట్టీ మీదకొచ్చి చీము గురించి, గొంతు గురించి, ప్రాణం గురించి నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాడట. ఒక్కడు నోరు తెరవలేదు. పంటినొప్పికి ఏడవడానికి మేమేమన్నా పసిపిల్లలమా అని మీసాలు తిప్పి, పొగాకు కుక్కుకుని వేటకి పోయేవాళ్ళు. సముద్రం మధ్యలో గొంతు వాచి, తిరిగొచ్చేలోపు అయిపోయినవాడు ఒకడున్నాడు. ఆ తర్వాత ఏదో బాపట్ల పెళ్ళికెళ్ళి వచ్చి, దొంగతనం చేయబోయేవాడిలా అటూ ఇటూ చూసి, సుగుణమ్మా, జబ్బు కోసమంటే తెరవని నోరు ఆచారమంటే తెరుస్తున్నారు, వల బరువెక్కుద్దని ఊళ్ళో ఒక మాట వెయ్యవా అన్నాడట.

"నాకూ భయమే, వల రాకపోతే నన్ను తంతారని. ఆ రోజు గంగమ్మ తల్లి దయ, మా అన్న బోటుకి వల నిండా చందువా చేపలు పడ్డాయి. అప్పట్నుంచి నీతో కలిపి ఆరుగురిని ఒడ్డు మీదే పట్టుకున్నాడు ఆ మహానుభావుడు. ఆరుగురూ ఉన్నారు. ఈ సంగతి ఎవరికన్నా చెప్పావో, నీ రెండో దవడ నేను వాయిస్తా."

చదువుకున్న మనిషి, వైద్యుడు, కూర్చుని మూఢనమ్మకం తయారుచేశాడు. నాగశివ ఇరవై ఆరేళ్ళుగా లోకం మీద పెంచుకున్న అభిప్రాయాల్లో దేన్ని ఎక్కడ సర్దాలో తెలియక గంజి తాగాడు.

నోరు తెరుచుకోవడానికి నెలన్నర పట్టింది. పళ్ళ మధ్య ఐస్‌క్రీమ్ పుల్లలు పేర్చి రోజుకొకటి పెంచుకోవాలి. వారానికోసారి రేపల్లె వెళ్తే డాక్టరు గారు పుల్లలు లెక్కపెట్టి, ఐసు కొట్టినవాడికి ఐసు పుల్లలే గతి అనేవారు. నాగశివ పూర్తి వాక్యాల్లో బదులు చెప్పేవాడు. ఆయన చెవి ఒగ్గి, ఆగిన చోట్లు లేవని తృప్తిపడేవారు. కృతజ్ఞత అనే మాట ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

కార్తీకంలో ఒక మంగళవారం నాగశివ మళ్ళీ సంచితో జెట్టీకి వచ్చాడు. హారతి అయింది. అతను వరసలో మొదట నిలబడి మూడు వేళ్ళూ పెట్టుకుని చూపించాడు. పట్టాయి. కలాసీలు ఈలలు వేశారు.

అందరూ అయ్యాక వరస చివర మనోహర్ అనే కొత్త కుర్రాడు మిగిలాడు. బాపట్ల వైపు వాడు, డిగ్రీ చదివి పని దొరక్క వచ్చాడు, కాళ్ళకి ఇంకా బూట్లున్నాయి. చేతులు కట్టుకుని, ఏ కాలంలో ఉన్నారండీ మీరు, నోట్లో వేళ్ళకీ వలకీ సంబంధం ఏంటండి, సైన్సు అనేది ఒకటుంది అన్నాడు. సుబ్బరామయ్య మేనల్లుడి వంక చూశాడు. సుగుణమ్మ బుట్ట సర్దడం ఆపి చూసింది. డాక్టరు గారు మాత్రం టార్చిలైటు తీసి దానికేదో రోగమున్నట్టు పరీక్షిస్తున్నారు.

నాగశివ మనోహర్ భుజం మీద చెయ్యి వేశాడు.

"తమ్ముడూ, మొన్న శ్రావణం దాటాక ఒకడు ఇలాగే పెట్టనన్నాడు. పది రోజులు తిరిగితే వలలో నాచు కూడా రాలేదు."

"నిజంగానా? ఎవరండి అతను?"

"ఉన్నాడ్లే, ఒక చదువుకున్న వెధవ."

మనోహర్ కాసేపు ఆలోచించాడు. సముద్రం వంక చూశాడు, వల వంక చూశాడు, ఎందుకొచ్చిన గొడవ అనుకున్నట్టు మూడు వేళ్ళు నోట్లో పెట్టాడు. పట్టాయి. సుబ్బరామయ్య ఇంజను స్టార్ట్ చేశాడు.

డాక్టరు గారు టార్చిలైటు జేబులో పెట్టుకుని, బోటెక్కుతున్న నాగశివ వెనకాలే వచ్చి, ఏమీ ఎరగనట్టు నిట్టూర్చారు.

"ఈ మూఢనమ్మకాలు ఎప్పటికి పోతాయంటావు అబ్బాయ్?"